దొంగ చప్పుడు

“ఆ చప్పుడు ఈ పిల్ల చేతిది కాదు మేష్టారూ. ఎక్కడో రికార్డు చేసి తెచ్చింది,” అన్నాడు పేతురు.

ఆదివారం ఆరాధన అయిపోయింది. జనం బయట చెప్పులు వెతుక్కుంటున్నారు. రాజోలు చర్చిలో వేదిక పక్కన రెండు డ్రమ్ముల సెట్లున్నాయి. ఒకటి పేతురుది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ చర్చిలో ఏ పాట పాడినా దాని మీద దరువు ఆయనదే. రెండోది సంఘం కొత్తగా కొన్న ఎలక్ట్రానిక్ సెట్టు. నాలుగు రబ్బరు పలకలు, కాలితో తొక్కే పెడలు, బోలెడన్ని వైర్లు, ఒక పెట్టె. దాని ముందు బిందు కూర్చుని ఉంది. బీటెక్ రెండో ఏడు చదువుతోంది.

క్రిస్మస్‌కి ఏ సెట్టు వాయించాలో ఇవాళ తేలిపోవాలి. తేల్చవలసింది సంఘ కార్యదర్శి విజయ్ కుమార్ మేష్టారు. కొత్తదే అని తేలిందా, ఇక పేతురు అందరితో పాటు బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టుకోవడమే. ఆ సంగతి గుర్తొస్తే ఆయనకి అన్నం సహించడం లేదు.

నిజానికి ఆ సెట్టు వచ్చిన కొత్తలో పేతురు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. కారణం దాని హైహ్యాట్. అసలు హైహ్యాట్ అంటే ఒకదాని మీద ఒకటి రెండు ఇత్తడి పళ్ళేలు. కాలితో తొక్కితే మూసుకుంటాయి, వదిలితే తెరుచుకుంటాయి. పుల్లతో కొడితే చెయ్యి ఎలా అడిగితే అలా పలుకుతాయి. ఈ రబ్బరు పలక మాత్రం మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా పాత టైపు మిషనులా ఒకటే టిక్కుటిక్కు. దీంతో నాకేం భయం అనుకున్నాడు.

రెండు వారాలు తిరిగేసరికి ఆ రబ్బరే ఇత్తడిలా పలకడం మొదలెట్టింది. మెల్లగా తాకితే గుసగుసలాడుతోంది. కాలెత్తితే జల్లుమంటోంది. ఏ రెండు దెబ్బలూ ఒకలా లేవు. ఏం చేశావని అడిగితే ఏదో సెట్టింగు మార్చేనని చెప్పి, బిందు తల దించుకుని వైర్లు సర్దుకుంది. తప్పు చేయనిది తల ఎందుకు దించుకోవాలి? అప్పట్నుంచి పేతురు ఆ పిల్ల ఫోను ఎక్కడ పెడుతోందో, పెట్టెకి ఏం గుచ్చుతోందో కనిపెట్టడంలో పడి, తన పాటలో తానే రెండుసార్లు తాళం తప్పాడు. ఆ తప్పుల లెక్క కూడా బిందు ఖాతాలోనే వేశాడు.

“మరెలా తేల్చమంటారండి?” అన్నారు మేష్టారు.

“నేను చెయ్యెత్తినప్పుడు ఆపమనండి. రికార్డయితే ఆగదు కదా.”

బిందు వాయించింది. పేతురు చెయ్యెత్తాడు, ఆగింది. పాట మధ్యలో, ఎవరూ ఆపలేని చోట ఎత్తాడు, అక్కడా ఆగింది. చెవి గోక్కుంటున్నట్టు నటించి ఎత్తినా ఆగింది. ఆఖరికి పలక కిందున్న వైరు ఊడబెరికాడు. చప్పుడు పోయింది. మళ్ళీ గుచ్చాడు. వచ్చింది.

“ఆయ్, అమ్మాయే వాయిస్తోంది కదండీ పేతురుగారూ,” అన్నారు మేష్టారు నవ్వుతూ.

పేతురు మొహం మాడిపోయింది. అయినా తగ్గలేదు. ఇంకొక్కసారి వాయించమని చెప్పి, వెళ్ళి ఆఖరి వరస బెంచీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆ వరసలో ఆయన కూర్చోవడం అదే మొదలు.

పాట పూర్తయింది. తప్పు పట్టడానికి వెళ్ళినవాడు కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

“కొట్టింది ఈ పిల్లేనండి, ఒప్పుకుంటాను. కానీ ఆ చప్పుడు ఈ పిల్లది కాదు. ఆ పళ్ళేలు మూసుకోవడం విన్నారా? పక్కన పసిబిడ్డ పడుకున్నట్టు మూస్తున్నాడు. ఏ పెద్ద స్టూడియోలోనో జీవితమంతా వాయించినవాడండి వాడు. అలాంటి చెయ్యి మన కోనసీమ మొత్తం మీద లేదు. నాతో సహా లేదు. వాడి కష్టం వాడికి చెప్పకుండా తెచ్చి దేవుడి సన్నిధిలో వాయిస్తే దొంగతనం కాదాండి?”

మేష్టారి నవ్వు ఆగిపోయింది. దొంగ సొత్తయితే క్రిస్మస్‌కి అసలు ఆ సెట్టే ముట్టుకోవద్దన్నారు. నిజం చెప్పమని బిందుని అడిగారు.

బిందు పుల్లలు ఒళ్ళో పెట్టుకుంది. ఒకరు వాయిస్తుంటే ఫోనులో పట్టి, ఒక్కో దెబ్బా విడదీసి పెట్టెలో ఎక్కించానని చెప్పింది. మెల్లగా కొడితే వారి మెల్లని దెబ్బ, గట్టిగా కొడితే వారి గట్టి దెబ్బ పలుకుతాయంది.

“వారిని అడిగేవామ్మా?” అన్నారు మేష్టారు.

“లేదండి. అడిగితే తిడతారని భయమేసిందండి.”

దొంగ దొరికింది. పేతురు కుర్చీ పేతురుకి మిగిలింది. కానీ ఆయన మొహంలో గెలిచిన కళ లేదు. ఆ చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. అలాంటివాడు ఒకడున్నాడని తెలిశాక, వాణ్ణి చూడకుండా తన సెట్టు ముందు కూర్చోవడానికి సిగ్గేసింది.

“తిట్టను గానీ వాడి పేరు చెప్పమ్మా. ఎంత దూరమైనా వెళ్ళి చూసొస్తాను,” అన్నాడు.

బిందు తల దించుకునే చెప్పింది.

“మీరేనండి తాతయ్యగారూ. శనివారం పూట మీరొక్కరూ వాయించుకుంటుంటే కిటికీ బయట నుంచుని పట్టుకున్నానండి.”