కణత మీద దెబ్బ

“మళ్లీ చూపించు. పిరికితనం ఎలా ఉంటుందో అందరూ చూడాలి,” అన్నాడు కోచ్ క్లెగ్, రిమోటు పట్టుకున్న కెప్టెన్ హార్‌గ్రీవ్స్‌తో.

యార్క్‌షర్ గనుల ఊరి రగ్బీ లీగ్ జట్టు, శనివారం ఓడిన మ్యాచ్‌ను సోమవారం క్లబ్బు గదిలో కూర్చుని చూస్తోంది. తెరపై ప్రత్యర్థి బంతితో దూసుకుపోతుంటే, జాస్ థాక్రే చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు.

“ఎందుకు పట్టుకోలేదురా?”

“గుర్తులేదు కోచ్.”

“గుర్తులేదట! మా అమ్మమ్మకు నీకన్నా జ్ఞాపకం ఎక్కువ. ఆవిడ పోయి ఇరవయ్యేళ్లయింది!”

ఎవరూ నవ్వలేదు. వాడి అబద్ధాన్ని బయటపెట్టాలని క్లెగ్ రిమోటు లాక్కుని, ఆటను నాలుగు నిమిషాలు వెనక్కి జరిపాడు.

ఎవరిదో భుజం జాస్ కణతకు బలంగా తగిలింది. కిందపడ్డ వాడు లేచి, తూలుతూ, చెయ్యెత్తి మైదానం అంచుకు వచ్చాడు. అక్కడ నల్లకోటు మనిషి ఒకడు వాణ్ణి భుజాలు పట్టి వెనక్కి తిప్పి, ఆటలోకి నెట్టాడు.

ఆ కోటు ఇప్పుడు క్లెగ్ ఒంటిమీదే ఉంది.

“మీకందరికీ తెలుసా?” అన్నాడు క్లెగ్, జట్టు వైపు తిరిగి.

“కళ్లారా చూశాం,” అన్నాడు హార్‌గ్రీవ్స్. “మీతో ఎవడు చెబుతాడు? చెప్పినవాడికి మరుసటి వారం జట్టులో చోటుండదు.”

క్లెగ్ టీవీ ఆపేశాడు. “జాస్, తప్పు నాది. లే, డాక్టరు దగ్గరికి పోదాం.”

జాస్ లేవలేదు.

“అయితే కోచ్, నేను పిరికివాణ్ణి కాదన్నమాటేగా?” అని ఆశగా అడిగాడు.

ఆ గొంతులో కోపం లేదు. ఉండివుంటే బాగుండునని క్లెగ్‌కు అనిపించింది.