సింగారి పేరున నల్లరాయి

అడవి అంచున రాళ్లగుట్ట కింద తాబేలు తాతకు గింజల కొట్టు ఉండేది. ఎవరికి గింజలు అరువిచ్చినా వాళ్ల పేరున ఒక కుండపెంకు పెట్టి, అందులో రాళ్లు వేసేవాడు. చెప్పిన రోజుకి తిరిగిస్తే తెల్లరాయి, గడువు దాటితే నల్లరాయి.

ముసురు పట్టిన రోజున ఉడుత సింగారి వచ్చి, పిల్లల కోసం బుట్టెడు జొన్నలు అడిగింది. తాత ఆమె పెంకులోకి చూశాడు. అందులో ఉన్నది ఒక్కటే రాయి, అదీ నల్లది.

"బుట్టెడు ఇవ్వలేనమ్మా. గుప్పెడు తీసుకెళ్లు."

సింగారికి ఒళ్లు మండింది. "నిరుడు గుప్పెడు తీసుకుని రెండు గుప్పిళ్లు ఇచ్చాను కదా తాతా! అలా ఇంకెవరిచ్చారు?"

"ఇచ్చావు, పది రోజులు ఆలస్యంగా. ఆ పది రోజుల్లోనే పూరేడు పిట్ట వచ్చింది. కొట్లో గింజ లేదు. ఖాళీ ముక్కుతో పిల్లల దగ్గరికి తిరిగి వెళ్లింది."

సింగారి తోక వాలిపోయింది. "ఆ రాయి తీసేయకూడదూ?"

"తీయడం నావల్ల కాదు. దాని మీద తెల్లవి వేయించుకోవడం నీవల్ల అవుతుంది."

ఆ గుప్పెడుతోనే సింగారి నెట్టుకొచ్చింది. వాన తెరిపిచ్చినప్పుడల్లా ఏరుకున్న గింజల్లోంచి కొన్ని విడిగా దాచింది. గడువు రోజున కుండపోత. గింజలు ఆకులో చుట్టుకుని తడుస్తూనే వచ్చింది. తాత తెల్లరాయి తీస్తుంటే దాని వంక చూడనే లేదు.

"ముందు ఈ గింజలు లోపల పెట్టు తాతా," అంది వగరుస్తూ. "పూరేడు పిట్ట ఇటే వస్తూ దారిలో కనిపించింది."