వెనక పొట్టి చొక్కా

"వెన్నుపూసలో టీబీ," అంది డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి.

"నాకు దగ్గే లేదు కదండీ," అన్నాడు దర్జీ, మెడలో టేపు సర్దుకుంటూ.

"వెన్నుపూసకి దగ్గు రాదు. ఈ గూని ఎన్నాళ్ళుగా?"

"గూని ఎక్కడిదండీ? నడుం నొప్పి, అంతే. చొక్కాలే వెనకవైపు పొట్టిగా అయిపోతున్నాయి. వేడినీళ్ళలో ఉతక్కే అని ఈవిడతో నాలుగు నెలలుగా మొత్తుకుంటున్నా."

పక్కనున్న భార్య అతని చొక్కా వెనక అంచుని కిందికి లాగింది.

డాక్టరమ్మ అతని చేతిని పట్టుకుని, అతని వీపు మీదే పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఊరందరి వీపులూ కొలిచిన ఆ చెయ్యి, ఎత్తుగా లేచిన ఎముక దగ్గర ఆగిపోయింది.

"తగ్గుతుందాండీ?" చెయ్యి అక్కడినుంచి తియ్యకుండానే అడిగాడు.

"ఏడాది మానకుండా మాత్రలు వేసుకుంటే తగ్గుతుంది."

"ఆ మందుల చీటీలోనే ఇంకో ముక్క రాయండి డాక్టరమ్మా," అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ. "నా ఉతుకులో తప్పు లేదని."