నలగని పుటలు

వెన్ను విరిగి రెండు ముక్కలైన బైబిలును పాత తువాలులో చుట్టి తెచ్చి, ముసలాయన బైండింగు బల్ల మీద పెట్టాడు.

బైండరమ్మ దాన్ని తెరవలేదు. మూసే ఉంచి, అంచును వెలుగులోకి తిప్పి చూసింది. ఏ పుస్తకమొచ్చినా ఆమె ముందు చూసేది అంచే. వేళ్ల మురికి ఎక్కడ పట్టిందో చూసి, ఆ మనిషి ఏ పుటల్లో కాపురం చేశాడో చెప్పేస్తుంది.

"ఏమీ అనుకోకండి బాబాయిగారూ. ఇంత లావు పుస్తకంలో మీరు చదివింది పట్టుమని పదిహేను పుటలు!"

"అవునా? ఏవమ్మా అవి?"

ఆమె తెరిచి చూపించింది. మొదటినుంచీ ఉన్న వాక్యం, అంటే యేసు, దేవుడేనని చెప్పే చోటు నల్లబడిపోయింది. పాపాలు క్షమించడం దేవుడి పని కదా అని పెద్దలు గొణుగుతుంటే, యేసు క్షమించి చూపించిన చోటు చిరిగింది. సందేహించిన శిష్యుడు ఆయన గాయాలు చూసి దేవుడా అని పిలిచిన చోట, ఎర్రసిరా గీత అవతలి పుటకు దిగింది.

"మిగతావన్నీ నిన్న అచ్చేసినట్టున్నాయి."

ముసలాయన ఆ కొత్త పుటలు తిప్పి చూసుకున్నాడు. "నీ పుస్తకం ఏదమ్మా?" అన్నాడు.

ఆమె అలమరలోంచి తీసి ఇచ్చింది. ఆయన కూడా ఆమె లాగే మూసి, అంచు చూశాడు.

అందులో మురికి వేరే చోట్ల ఉంది. తండ్రి తనకంటే గొప్పవాడని యేసు చెప్పిన చోట. లోకం చివరి గడియ కొడుకైన తనకూ తెలియదన్న చోట. నన్ను మంచివాడంటావెందుకు, మంచివాడు దేవుడొక్కడే కదా అన్న చోట.

"నీదీ పదిహేనే!" అన్నాడు ముసలాయన.

ఇద్దరూ పకపకా నవ్వారు.

పని వారం పడుతుందంది. అయినా ఆయన మర్నాడే వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆమె ఆయన పుస్తకం కుడుతుంటే, ఆయన ఆమె పుస్తకం చదివాడు.

"ఒక సంగతి అడుగుతాను బాబాయిగారూ. ఆయన దేవుడే అయితే, సిలువ వేసే ముందు రాత్రి ఆ తోటలో మోకరించి ఎవరికి మొరపెట్టుకున్నాడు? తనకు తానేనా?"

"మరి వట్టి మనిషే అయితే, జనం సాగిలపడి మొక్కుతుంటే వద్దనలేదేం? ఆయన శిష్యుడికెవరో మొక్కితే, లే, నేనూ మనిషినే అన్నాడు ఆ శిష్యుడు. దేవదూత కూడా వద్దన్నాడు. ఈయన మాత్రం అనలేదు."

ఆమె సూది ఆగింది. "అదెక్కడుంది?"

"నీ పుస్తకంలో నలగని పుటల్లో."

"సరే, ఒప్పుకున్నాను. మరి నా తోట సంగతి?"

ముసలాయన తల గోక్కున్నాడు. "తెలియదమ్మా. నలభై ఏళ్లుగా ఆ తోట పక్కనుంచే నడిచి వెళ్లిపోతున్నాను. ఒక్కసారీ లోపలికి తొంగిచూడలేదు."

నాలుగోనాడు ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఇంతకీ మీరేమంటారు? దేవుడా, కాదా?"

"దేవుడనే అంటానమ్మా. కానీ నువ్వు పట్టుకున్న మాటలూ ఆయన నోట వచ్చినవే. ఈ రెండో మాట మొన్నటిదాకా నా నోట రాలేదు."

ఆమె దారం తెంపింది. "ఆ ముక్క మా అక్కకు చెప్పేవాళ్లుంటే బాగుండేది."

"ఏమైంది?"

"ఆరేళ్లయింది అది నా గడప తొక్కి. యేసును దేవుడని ఒప్పుకోనివాళ్లతో ఒక బల్ల దగ్గర అన్నం తినకూడదని వాళ్ల సంఘాలన్నిటికీ ఉత్తరం వచ్చింది. కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేచి వెళ్లిపోయింది అక్క. అమ్మ పోయినప్పుడు కూడా ఆ మూల అదీ, ఈ మూల నేనూ ఏడ్చాం."

"మీ అక్కది ఏ సంఘమమ్మా?"

ఆమె చెప్పింది. చెప్పి, సూదిలోకి దారం విసురుగా ఎక్కించింది.

"ఎక్కడో కుర్చీలో కూర్చుని రాశాడు మహానుభావుడు! ఒక్కసారి నా కంటపడాలి!"

"పడితే?"

"ఈ సూదితోనే నోరు కుట్టేస్తాను. జంట దారంతో!"

ముసలాయన నవ్వలేదు. ఏదో చెప్పబోయి, "అమ్మా..." అన్నాడు.

"ఇక లేవండి బాబాయిగారూ. మీ కబుర్లతో నా పనంతా వెనకబడింది. పుస్తకం అయ్యాకే రండి," అని ఆమె అటు తిరిగిపోయింది, కళ్లు తుడుచుకోవడం ఆయనకు కనబడకూడదని.

ఆయన గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

బైబిలు తయారైంది. ఆయన రాలేదు. విసుక్కున్నందుకు నొచ్చుకున్నాడేమోనని ఆమె రోజూ వాకిలి చూసింది.

పదోనాటి మధ్యాహ్నం గుమ్మంలోకి వచ్చింది అక్క.

"అన్నం తిన్నావటే?" అంది, నిన్ననే కలిసి వెళ్లినట్టు.

చెల్లెలు చేతిలో పని పక్కన పెట్టింది. నోట వచ్చింది మాత్రం ఎత్తిపొడుపే. "నీకు వేరే బల్ల వేయించాలా?"

"వేషాలెయ్యకు. ఆకలేస్తోంది. పెట్టు."

ఒకే క్యారేజీలోంచి ఇద్దరూ కలుపుకున్నారు. రెండు ముద్దలు తిన్నాక అక్క మెల్లగా అంది.

"ఒక ముసలాయన బైబిలు నీ దగ్గర ఉందటగా. వాళ్లావిడకు ఇవ్వాలి. నిన్ననే ఆయన్ని మట్టి చేసి వచ్చాం."

చెల్లెలి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"ఆయన... నీకెలా తెలుసు?"

"నీ దగ్గర్నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు. మీ చెల్లెలు చదివేదీ ఈ పుస్తకమేనమ్మా, వెళ్లి కలిసి తినండి అన్నారు. మా సంఘంలో ఇలా విడిపోయిన ఇళ్లన్నీ అడిగి, జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా వినకుండా ఒక్కొక్క గుమ్మమూ ఎక్కారు."

"ఆయనకెందుకే మన గొడవ?"

అక్క తలెత్తి వింతగా చూసింది.

"నీకు చెప్పనేలేదా? అప్పుడు ఆ ఉత్తరం రాసిన పెద్దయ్యగారు ఆయనేనే."