బంద్ రోజు రిజిస్టరు

తెలంగాణ బంద్ రోజున హైటెక్ సిటీలోని ఆ కంపెనీకి ఎవరొచ్చినా గేటు దగ్గర రిజిస్టరులో రాయాల్సిందే. సెక్యూరిటీ రామన్న అందులో సొంతంగా ఒక గడి గీశాడు: ‘ఏం చదివారు?’

కాలేజీ లేక, తనకు సద్ది తెచ్చిన కూతురు రవళికి ఆ గడి చూపించాడు. “చూడు బిడ్డా, అందరు ఇంజనీర్లే. నువ్వేమో ఇంటరైనంక చరిత్ర చదువుతనంటవ్!”

అంతలో కంపెనీ పెద్ద సారు కారు దిగాడు. “ఈ కొత్త గడి ఏంటి రామన్నా?”

“కంపెనీ రూల్ సార్,” అనేశాడు రామన్న కంగారులో.

“నాకే తెలియని రూలా? అయితే రాయాల్సిందే!” సారు నవ్వుతూ రాసి లోపలికి వెళ్లాడు.

రవళి తొంగి చూసింది. ‘ఎం.ఏ. చరిత్ర.’

సంచిలోంచి చరిత్ర డిగ్రీ దరఖాస్తు తీసి తండ్రి ముందు పెట్టింది.

“ఇగ సంతకం పెట్టు నాయినా. కంపెనీ రూల్!”