మెట్లు మెట్లుగా వచ్చిన గీత

"అక్కా, గీత కుదిరింది! చూడండి," అంది నింగ్రుమ్, ఇండోనేషియాలోని జోగ్జా ఊళ్లో వెబ్‌సైట్లు తయారుచేసే ఆ చిన్న ఆఫీసంతా వినిపించేలా.

బాతిక్ బట్టల కొట్టు పేజీలో లింకు అది. కొట్టు పేరు పెద్దక్షరాల్లో, ఊరి పేరు చిన్నక్షరాల్లో. మౌస్ పెడితే కింద గీత రావాలి. ఆఫీసులో అందరికన్నా పాత మనిషి రెత్నో మూడు రోజులు కుస్తీ పట్టినా, పెద్దక్షరాల కింద ఒక ఎత్తులో, చిన్నక్షరాల కింద ఇంకో ఎత్తులో, మెట్లు మెట్లుగానే వచ్చింది. ఇప్పుడు ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్కటే గీత.

"చదువంటే ఇదమ్మా! ఇక ఈ కొట్టు పని నింగ్రుమ్‌దే," అన్నారు ఆఫీసు యజమాని సుగెంగ్ సార్.

పదో తరగతిలోనే చదువాగిపోయిన రెత్నోకి ఆ మాట గుచ్చుకుంది. ఏదో ఒక తప్పు దొరక్కపోదని కోడ్ తెరిచింది. గీతని అక్షరాలకి విడివిడిగా కాక, లింకు మొత్తానికీ ఒకేసారి ఇచ్చింది పిల్ల. దాని పైన చిన్న నోటు: "ఈ పద్ధతి రెత్నో అక్కది. రెండేళ్ల కిందటి కాఫీ కొట్టు పేజీలోంచి."

"ఇది నేను రాశానా?"

"మీరే. ఆ పేజీ చూసే నేనీ ఆఫీసులో చేరాను."

"మరి మూడు రోజులుగా నాకెందుకు తట్టలేదే?"

"అప్పటికి మీ బాబు పుట్టలేదు కదక్కా. కంటినిండా నిద్రపోయేవారు."

రెత్నో పక్క కుర్చీలోంచి పాలసీసా సంచీ తీసి కింద పెట్టింది.

"ఇలా కూర్చో," అంది.