ఆర్విన్ కంటి కొలత

“ఇది పొగమంచులో కూడా దూరం సరిగ్గా చెప్తుందా?” అని చేతిలోని బైనాక్యులర్ తిప్పి చూస్తూ మార్లిస్ మూడోసారి అడిగింది.

“చెప్పదు,” అన్నాడు క్లెట్. మోంటానాలోని ఆ చిన్న ఊళ్లో వేట సామాను కొట్టు అతనిదొక్కటే. అబద్ధమాడి అమ్మే రకం కాదు. “మంచులో ఏ యంత్రమూ చెప్పదు మార్లిస్‌గారూ. మామూలు రోజుల్లో మాత్రం వెయ్యి గజాల దాకా ఢోకా లేదు. చూసే అద్దంలోనే అంకె పడుతుంది. ఇదిగో, ఈ మీట నొక్కండి.”

నొక్కింది. వీధి చివరి పెట్రోలు బంకు కళ్ల ముందుకొచ్చి నిలబడింది. దాని మీద ఎర్రగా అంకె: రెండొందల పద్నాలుగు.

బల్ల మీద ఇంకో నాలుగు బైనాక్యులర్లు ఉన్నాయి. ఒకటి మరీ బరువు, భర్త ఆర్విన్‌కి మెడ పట్టేస్తుంది. ఇంకోటి తేలికే కానీ కళ్లజోడుతో చూస్తే సగమే కనిపిస్తోంది. మునిమాపు వెలుగులో అంకె ఆనడం లేదని మూడోదాన్ని క్లెట్టే తీసి లోపల పెట్టేశాడు.

“దూరం కొలిచేది విడిగా చిన్నది దొరుకుతుంది. చవక కూడా,” అన్నాడు.

“వద్దు. ఒకటి దించి ఇంకోటి ఎత్తేలోపు జంతువు కదిలిపోతుంది. రెండూ ఒక్కదాన్లోనే ఉండాలి. కొండవాలు లెక్క కూడా అదే వేసుకోవాలి.”

“అంతా చదువుకునే వచ్చారే. మా ఆవిడ నాకు కానుకగా ఏమిచ్చిందో తెలుసా, మేజోళ్లు. అవీ ఆవిడ సైజువి.”

మార్లిస్ నవ్వలేకపోయింది. మొదట చూసినదాన్నే కట్టమంది. ధర అడగలేదు.

“తుపాకీ కూడా ఓసారి తెండి. గురి సరిచూసిస్తాను, ఊరికే,” అన్నాడు క్లెట్.

“అది వేసవిలోనే పక్క ఊళ్లో చేయించాను,” అని ఆమె చప్పున పెట్టె అందుకుని బయటికి వచ్చేసింది.

పోయిన నవంబరు దాకా ఆర్విన్‌కి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఆ లోయలో అతని కంటి కొలతకి తిరుగులేదు. ఎదుటి కొండ మీద మేసే దుప్పిని చూసి ఇన్ని గజాలు అన్నాడంటే అన్నే. బయటి ఊళ్ల వేటగాళ్లు అతన్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు.

ఆ రోజు మాత్రం తూటా కిందికి పోయింది. గుండెకి తగలాల్సింది మగ ఎల్క్ దుప్పి ముందుకాలిని విరిచింది. అది మూడు కాళ్ల మీద అడవిలోకి పోయింది. రెండు రోజులు నెత్తుటి జాడ పట్టుకుని తిరిగాడు. మూడో రోజు కాకులు చూపించాయి. వాగులో, సగం నీళ్లలో, మెడ గట్టు మీద వాల్చి పడి ఉంది. ఎంతసేపు నరకం పడిందో ఆ గట్టు మీది గీతలే చెప్పాయి.

ఆర్విన్ తుపాకీ అల్మారాలో పెట్టి తాళం మార్లిస్ చేతికిచ్చాడు. మళ్లీ అడగలేదు.

“నా కన్ను పోయింది,” అన్నాడు. కళ్ల డాక్టరు బాగానే ఉన్నాయన్నా నమ్మలేదు. “ఆయన గోడ మీది అక్షరాలు చదివించాడు. ఎల్క్ గోడకి వేలాడదు కదా.”

చీకటి పడితే ట్రక్కు నడపడం మానేశాడు. కాఫీ దగ్గర స్నేహితులు, “ఒరేయ్ ఆర్విన్, నీ కప్పు ఎంత దూరంలో ఉందో చెప్పుకో చూద్దాం,” అనేవాళ్లు. వాళ్లతోపాటు తనూ నవ్వి, ఇంటికొచ్చాక ఇంజను ఆపేసిన ట్రక్కులో చాలాసేపు కూర్చునేవాడు. కిటికీలోంచి చూస్తూ మార్లిస్ పళ్లేలు కడిగినవే మళ్లీ కడిగేది.

ఆ సాయంత్రం పెట్టె అతని ముందు పెట్టింది.

“ఇంత ఖరీదైంది ఎందుకు కొన్నావు? నాకా అర్హత లేదు.”

“శనివారం నుంచి వేట మొదలు. దూరం ఇది చూసుకుంటుంది. నువ్వు వెళ్లు, ఆర్విన్. నాకోసం వెళ్లు.”

అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఏడాది తర్వాత అతని ముఖంలో చిన్న కుతూహలం. ఇద్దరూ వెనక వసారాలోకి వచ్చారు. కొండ మీద ఇంకా ఎండ ఉంది.

“నేను చెప్తాను. నువ్వు చూసి చదువు,” అన్నాడు. “నా కన్ను ఎంత దెబ్బతిందో తెలియాలిగా. ఆ గడ్డిమోపు, నూట ఎనభై.”

మార్లిస్ మీట నొక్కింది. “నూట ఎనభై రెండు.”

“ఊఁ. దగ్గరిది కదా. కంచె మూల స్తంభం... మూడొందల పది.”

“మూడొందల తొమ్మిది.”

అతను చెయ్యి ఇంకా పైకెత్తి చూపించాడు. “పైన ఆ మోడు దేవదారు. నాలుగొందల అరవై.”

అంకె పడింది. ఆమె మీట మళ్లీ నొక్కింది.

“ఎంత?”

“నాలుగొందల యాభై తొమ్మిది.”

ఆర్విన్ బైనాక్యులర్ అందుకుని తనే చూశాడు. మళ్లీ చూశాడు. దించాడు.

“నా కన్నుకేం కాలేదు,” అన్నాడు మెల్లగా. “దూరం ఆ రోజూ సరిగ్గానే లెక్కేశాను. మరి తూటా కిందికి ఎలా పోయింది, మార్లిస్?”

ఆమె వసారా మెట్టు మీద కూలబడి, “నువ్వు వేటకెళ్లే ముందురోజు అల్మారా సర్దుతూ నీ తుపాకీ జారవిడిచాను, దాని మీది గురిచూసే స్కోపు పొయ్యి అంచుకి కొట్టుకుంది, నువ్వేమంటావోనని తుడిచి ఎక్కడిదక్కడ పెట్టేశాను,” అంది.